ముగిసే ఆటలు, ముగియని ఖర్చులు

2021 ఫిబ్రవరి 2న సోనీ వీడియో గేమ్ యంత్రం (కన్సోల్) ప్లేస్టేషన్ 5 మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. డిస్కు పెట్టే వీలు లేని రకమైతే 39,990. దానికోసం సోనీ స్వయంగా తెచ్చిన కొత్త ఆట ఒక్కొక్కటి 4,999. హైదరాబాద్‌లో ఒక మధ్యతరగతి కుటుంబం ఈ అంకెలు చూసి, వీడియో గేములు డబ్బున్నవాళ్ల వ్యవహారమని తేల్చేసుకోవడం సహజమే. అదే ఇంట్లో పిల్లవాడు ఫోనులో ఆడే ఆట ‘ఉచితం’ కాబట్టి దాని గురించి ఎవరూ లెక్క వేయరు. ఈ రెండు అంచనాలూ తలకిందులుగా ఉన్నాయి. ఆటలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో, ఏళ్ల తర్వాత కూడా తలచుకునే ఘట్టం ఎక్కడ పుడుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ రెండూ ఒకే చోట కలవడం చాలా అరుదని తెలుస్తుంది. గుర్తుండిపోయే ఘట్టాలు ఎక్కువగా ఒక చోట ముగిసే ఆటల్లో ఉంటాయి. అంతులేని ఖర్చు ముగింపు లేని ఆటల్లో ఉంటుంది.

ముందు ఘట్టాల సంగతి. సినిమాలో తెరమీద జరిగేదానికి ప్రేక్షకుడు బాధ్యుడు కాడు. ఆటలో బొత్తం నొక్కేది ఆడేవాడి వేలే. 2004లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్ 3’ చివర్లో, తనకు విద్య నేర్పిన గురువును కథానాయకుడు కాల్చాల్సి వస్తుంది. తెల్లని పూల మధ్య ఆమె ఓడిపోయి పడి ఉంటుంది. అప్పటిదాకా కథను సినిమాలా నడిపిన ఆట, తుపాకీ పేల్చే పనిని మాత్రం ఆడేవాడి చేతికే వదిలేస్తుంది. ఆ బొత్తం నొక్కడానికి వెనకాడినవాళ్లు ఎందరో. కథ ఎటు పోతుందో వాళ్లకు తెలుసు, అయినా ఆ పని తమ చేతుల మీదుగా జరగడం ఇష్టం లేదు.

ఈ సూత్రాన్ని అందరికంటే బాగా పట్టుకున్న ఆట, 2013లో స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ స్టూడియో తెచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’. దర్శకుడు జోసెఫ్ ఫారెస్. విడుదలై పన్నెండేళ్లు దాటింది కాబట్టి ముగింపు చెప్పినా దోషం లేదు. జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి ఇద్దరు అన్నదమ్ములు బయలుదేరతారు. కంట్రోలర్‌లో ఎడమవైపు స్టిక్కు, బొత్తం అన్నవి. కుడివైపువి తమ్ముడివి. ఆడేవాడు రెండు చేతులతో ఇద్దరినీ ఏకకాలంలో నడపాలి. మొదట్లో చేతులు తికమకపడతాయి. అన్నను పక్కకు తిప్పబోతే తమ్ముడు వెళ్లి గోడకు తగులుతాడు. కాసేపటికి అలవాటు కుదురుతుంది, ఎడమ చెయ్యి అంటే అన్న అన్నట్టే అయిపోతుంది. తల్లి నీళ్లలో మునిగి చనిపోయినప్పటి నుంచి తమ్ముడికి నీళ్లంటే భయం. నీళ్లు అడ్డమొచ్చిన ప్రతిసారీ అన్న వీపు పట్టుకునే దాటుతాడు. చివరికి అన్న చనిపోతాడు. తిరుగు ప్రయాణంలో తమ్ముడు ఒంటరిగా నీటి ఒడ్డున నిలబడతాడు. తమ్ముడి బొత్తం ఎంత నొక్కినా నీళ్లలో దిగడు. ఏం చేయాలో తోచక, చాలాసేపుగా పని లేకుండా ఉన్న ఎడమ చేతి వేలితో అన్న బొత్తం నొక్కితే, తమ్ముడు ఈదడం మొదలుపెడతాడు.

ఇంత విషయాన్ని ఒక్క సంభాషణ లేకుండా చెప్పడం పుస్తకానికీ సినిమాకీ సాధ్యం కాదు. అన్న లేని లోటు తెలిసింది ముందు ఎడమ చేతికి, ఆ తర్వాతే మనసుకు. ఆట మొత్తం నిడివి మూడు నాలుగు గంటలు. విడుదలైనప్పుడు ధర 15 డాలర్లు, అంటే ఆనాటి భారీ ఆటల ధరలో నాలుగో వంతు.

చేతి అలవాటుతో పాటు ఇలాంటి ఘట్టాలకు కావలసిన మరో ముడిసరుకు కాలం. 1997లో మూడు డిస్కుల్లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో, మొదటి డిస్కు చివర ఏరిత్ అనే అమ్మాయిని ప్రతినాయకుడు చంపేస్తాడు. అది చూసి ఒక తరం కన్నీళ్లు పెట్టుకోవడానికి కథ ఒక్కటే కారణం కాదు. అంతవరకూ ఆమెను జట్టులో ఉంచుకుని, పోరాటాల్లో ఆమెతో గాయాలు మాన్పించుకుని, ఆమెకు కొత్త శక్తులు నేర్పడానికి గంటల తరబడి శ్రమపడినవాళ్లు వాళ్లు. ఆ శ్రమ కూడా ఆమెతోనే పోయింది. 2017 నాటి ‘నియర్: ఆటోమాటా’ ఇంకా సాహసం చేసింది. ఆఖరున పేర్లు పడే చోట ఒక యుద్ధం పెడుతుంది. ఒంటరిగా గెలవడం దాదాపు అసాధ్యం. అప్పుడు ఎక్కడెక్కడి ఆటగాళ్లో సాయానికి వస్తారు. గెలిచిన తర్వాత ఆట ఒక ప్రశ్న వేస్తుంది: నువ్వూ ముక్కూ మొహం తెలియని ఒకరికి ఇలా సాయపడాలంటే, ఇన్నాళ్లూ ఆడి దాచుకున్నదంతా చెరిపేయాలి, ఒప్పుకుంటావా? ఒప్పుకున్నవాళ్ల కళ్లముందే ముప్పై, నలభై గంటల ఆట పేజీ తర్వాత పేజీగా చెరిగిపోతుంది. డబ్బు పెట్టి కొనడానికి అక్కడ ఏమీ లేదు.

హైదరాబాద్‌లో ఆటల చరిత్ర ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపిస్తుంది. తొంభైల్లో ఇక్కడి ఇళ్లలోకి ఎక్కువగా వచ్చినవి అసలైన నింటెండో యంత్రాలు కావు, టీవీ గేములన్న పేరుతో అమ్మిన వాటి నకళ్లు. కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లు వాటికి ఆయువుపట్లు. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండేది. లోపల ఉన్నవి పదో ఇరవయ్యో ఆటలు, అవే మళ్లీ మళ్లీ వచ్చేవి. అయితేనేం, ఆ పదింటిలో మారియో ఉండేవాడు, కాంట్రా ఉండేది. కాంట్రా మూడో స్టేజిలో జలపాతం ఎక్కాలి. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకరు తొందరపడి పైకి పోతే తెర కూడా పైకి జరుగుతుంది, వెనకబడినవాడు తెర అడుగున పడి చచ్చిపోతాడు. ఆ స్టేజి దగ్గర అన్నదమ్ములకు గొడవ జరగని ఇల్లు ఉండి ఉండదు. తోడువాడి కోసం ఆగాలా, తన దారిన తాను ఎక్కాలా అన్న ప్రశ్నను అంత సూటిగా వేసిన ఆటలు ఈనాటికీ తక్కువే.

తర్వాత ఇంటర్నెట్ కేంద్రాల కాలం వచ్చింది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి కోచింగ్ సెంటర్ల పేటల్లో, హాస్టళ్ల చుట్టుపక్కల, ఒకే తీగకు కలిపిన కంప్యూటర్ల మీద కౌంటర్ స్ట్రైక్ సాగేది. గంట లెక్కన డబ్బు. వైస్ సిటీ ఆడేవాళ్లు చీట్ కోడ్లను నోటుబుక్కు ఆఖరి పేజీలో రాసుకునేవారు. ‘పాంజర్’ అని టైపు చేస్తే ఆకాశం నుంచి ఊడిపడినట్టు ట్యాంకు ప్రత్యక్షమయ్యేది, దాంతో ఊరంతా అల్లకల్లోలం చేయవచ్చు. ప్లేస్టేషన్ పార్లర్లలో ఫుట్‌బాల్ ఆట పెట్టి, ఓడినవాడు లేచి కంట్రోలర్ అప్పగించే పద్ధతి ఉండేది. ఒకడు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి చూసేవారు, సలహాలిచ్చేవారు, ఓడితే ఎగతాళి చేసేవారు. ఆ వయసులో గెలిచిన ఒక గోలు ఈనాటికీ గుర్తుండడానికి ఆ నలుగురే కారణం.

ఆ రోజుల ఖర్చు విధానంలో గమనించాల్సిన విషయం ఒకటుంది. చెల్లించేది గంటకు. గంట కాగానే యజమాని పిలిచేవాడు, ఆట అక్కడితో ఆగేది. జేబులో ఎంత ఉందో అంతే ఆట. ఆ హద్దు పిల్లలకు చిరాకు తెప్పించి ఉండవచ్చు గానీ, ప్రతి నిమిషాన్నీ విలువైనదిగా మార్చింది అదే. ఈ జ్ఞాపకాలకు మరో పార్శ్వమూ ఉంది. ఆ కంప్యూటర్లలో ఉన్న ఆటల్లో చాలా భాగం దొంగ సీడీల నుంచి ఎక్కించినవే. ఆ చవకదనంలో తయారుచేసినవాళ్లకు దక్కింది ఏమీ లేదు. అప్పట్లో అసలు డిస్కు కొనాలన్నా రూపాయల్లో సరసమైన ధర గానీ, సులువైన చెల్లింపు దారి గానీ ఉండేది కాదు. ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్ 2015 చివర్లో రూపాయల్లో ధరలు పెట్టాక, తరచూ భారీ తగ్గింపులు ఇవ్వడం మొదలయ్యాక, నిజాయితీగా కొని ఆడడం ఇక్కడి విద్యార్థులకు మొదటిసారిగా సాధ్యమైంది.

ఇప్పుడు డబ్బాల్లో వచ్చే భారీ ఆటల ధర దగ్గరకు వద్దాం. అమెరికాలో 60 డాలర్లున్న భారీ ఆట 2020లో 70 డాలర్లయింది, 2025లో కొన్నింటికి 80 దాకా వెళ్లింది. రూపాయి విలువ పడిపోవడం దానికి తోడు. 2013లో డాలరు 60 రూపాయల దరిదాపుల్లో ఉండేది, 2025 చివరికి 90కి చేరింది. పాత తరం కన్సోళ్లు ఏళ్లు గడిచేకొద్దీ చవకయ్యేవి. ప్లేస్టేషన్ 5 మాత్రం ఇక్కడ రెండేళ్లు తిరగకముందే 54,990కి పెరిగింది. నెల చందాలూ ఇదే దారి పట్టాయి. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అల్టిమేట్ 2025 అక్టోబరులో అమెరికాలో దాదాపు 20 డాలర్ల నుంచి 30 డాలర్లకు, ఒక్క దెబ్బతో సగానికి సగం పెరిగింది.

ఈ పెరుగుదలకు ఒక అసలు కారణం తయారీ వ్యయం. 2023లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ వేసిన కేసు విచారణలో సోనీ ఇచ్చిన పత్రాల్లో, మార్కర్‌తో కొట్టేసిన అంకెలు స్కాన్ చేసినప్పుడు బయటపడ్డాయి. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు, ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’కు 21 కోట్ల 20 లక్షల డాలర్లు ఖర్చయినట్టు లోకానికి తెలిసింది. మొదటిది మన లెక్కలో సుమారు 1,800 కోట్ల రూపాయలు. అంత పెట్టుబడి తిరిగి రావాలంటే ఆట లక్షల మందికి నచ్చి తీరాలి. అందుకే సంస్థలు ప్రయోగాలకు భయపడతాయి, గెలిచిన ఆటకే రెండో భాగం, మూడో భాగం తీస్తాయి. విచిత్రం ఏమిటంటే, ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ వరుసలోని తొలి ఆటలో (2013) అందరూ తలచుకునే ఘట్టం తుపాకీ పోరాటం కాదు. శిథిలమైన నగరంలో జిరాఫీల గుంపు కనిపిస్తుంది. అమ్మాయి ఒకదాన్ని నిమురుతుంది. కంట్రోలర్ కింద పెట్టేసి చూస్తూ ఉన్నా ఆట తొందరపెట్టదు. ఇష్టమైనంతసేపు ఉండి వెళ్లవచ్చు.

ధర విషయంలో కొనుగోలుదారులు తరచూ వేసే లెక్క గంటకు ఎంత అన్నది. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి ఉత్తర్వు ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు టికెట్ గరిష్ఠంగా పన్నుతో కలిపి 295 రూపాయలు. రెండుమ్ముప్పావు గంటల సినిమా అనుకుంటే గంటకు వంద పైచిలుకు. 4,999 రూపాయల ఆటను యాభై గంటలు ఆడితే అక్కడా గంటకు వందే. లెక్క సరిగ్గానే ఉంది, కానీ దాన్ని నమ్ముకున్న పరిశ్రమ చెడిపోయింది. వంద గంటల ఆట అంటే మంచి బేరమని జనం అనుకోవడంతో, ఆటల్లో ఊకదంపుడు పనులు పెరిగాయి. ఇరవై టవర్లు ఎక్కు, యాభై ఈకలు ఏరుకో అనే రకం. 2012లో వచ్చిన ‘జర్నీ’ రెండు గంటల్లో అయిపోతుంది. ఎడారిలో నడుస్తుంటే ఎవరో అపరిచితుడు తోడవుతాడు. పేరు తెలియదు, మాట్లాడే వీలు లేదు, చిన్న స్వరం మాత్రమే పలికించవచ్చు. చివర మంచు తుపానులో ఒకరికొకరు ఆనుకుని నడుస్తారు. ఆట పూర్తయ్యాకే ఆ తోడుగా వచ్చినవాళ్ల పేర్లు కనిపిస్తాయి. గంటల తక్కెడలో ఈ ఆట ఎప్పుడూ తేలిపోతుంది.

హైదరాబాద్ కొనుగోలుదారుకు పనికొచ్చే లెక్క వేరే ఉంది: తిరిగి అమ్మగలమా? సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ బజారు, ఈ నగరానికి నేర్పింది ఇదే. వాడిన వస్తువుకూ విలువ ఉంటుంది, దాన్ని బేరమాడవచ్చు. 4,999 పెట్టి కొన్న డిస్కును ఆడేశాక 3,000కు అమ్మగలిగితే ఆటకు అయిన అసలు ఖర్చు రెండు వేలు. అలా నాలుగు డిస్కులు అమ్మితే, డిస్కు డ్రైవు లేని కన్సోల్ కొని మిగుల్చుకుందామనుకున్న పదివేలు దాటిపోతాయి. చవకదే ఖరీదైనదిగా మారే చోటు ఇది. కంప్యూటర్ అసెంబుల్ చేయించేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. గ్రాఫిక్స్ కార్డుల ధరలను 2020, 2021లలో క్రిప్టో మైనింగూ చిప్‌ల కొరతా ఆకాశానికి ఎక్కించాయి. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధర మండిపోయింది. ఆడుకునేవాళ్లకు ఏ సంబంధమూ లేని మార్కెట్ల బరువు వాళ్ల మీద పడుతోంది. కరెంటు సంగతీ మరచిపోకూడదు. 450 వాట్లు లాగే కంప్యూటర్ రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు నలభై యూనిట్లు. మే నెల ఎండలో ఏసీ కూడా వేస్తే బిల్లు స్లాబు మారిపోవడం ఖాయం.

ఇంతవరకూ చెప్పిన ఖర్చులన్నీ కళ్లకు కనిపించేవి. కొనేముందు ఇంట్లో చర్చ జరుగుతుంది, వద్దనే అవకాశం ఉంటుంది. అసలు ఆందోళన పడాల్సింది కనిపించని ఖర్చు గురించి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, ఆటలు ఫోనులోకి వచ్చేశాయి. వీటిలో ఎక్కువ ఆటలు ఉచితం. సంపాదన చాలావరకు లోపల జరిగే కొనుగోళ్ల మీదే. ఈ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో వివరంగా చూడాలి.

మొదటి మెట్టు, రూపాయిని కనబడకుండా చేయడం. డబ్బు నేరుగా ఖర్చు కాదు. ముందు ఆట సొంత నాణేలు కొనాలి. అవి గుండుగుత్తగా అమ్ముతారు. కావలసిన వస్తువు ధరకూ దొరికే మూటకూ లెక్క సరిగ్గా కుదరదు. ప్రతిసారీ కొన్ని నాణేలు మిగులుతాయి, ఆ మిగులే తర్వాతి టాప్-అప్‌కు కారణమవుతుంది. రెండో మెట్టు గడువు. ఈ స్కిన్ (పాత్రకో తుపాకీకో వేసే కొత్త వేషం) ఈ సీజన్‌లోనే, తర్వాత దొరకదు. మూడోది, అన్నింటికంటే ప్రమాదకరమైనది, అదృష్టం మీద అమ్మడం. ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’ ఈ అంకెలను దాచదు కాబట్టి దాన్నే చూద్దాం. ఒకసారి అదృష్టం పరీక్షించుకోవడానికి 160 ప్రైమోజెమ్‌లు (ఆ ఆట సొంత నాణేలు) కావాలి. అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే మూల సంభావ్యత 0.6 శాతం. తొంభై సార్లకు ఒకటి తప్పక వస్తుంది. అంటే 14,400 జెమ్‌లు. అప్పుడు కూడా కోరుకున్న పాత్రే వస్తుందన్న హామీ లేదు. వేరేది వస్తే మళ్లీ మొదటి నుంచి. గెలుపు దగ్గరలోనే ఉందన్న భ్రమ ఆ తొంభై సార్ల పొడవునా వెంటాడుతుంది. బెల్జియం 2018లోనే ఇలాంటి అదృష్టపు పెట్టెలను జూదం కింద లెక్కగట్టింది. ‘ఫోర్ట్‌నైట్’ తయారుచేసిన ఎపిక్ గేమ్స్, ఒక్క బొత్తం పొరపాటున నొక్కినా డబ్బు కోసే తరహా అమరికలు పెట్టినందుకు 24 కోట్ల 50 లక్షల డాలర్లు వాపసు ఇవ్వడానికి 2022 డిసెంబరులో అమెరికాలో ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఒక విద్యార్థి నెలకు ఐదు వందలు చొప్పున ఇలా పెడితే ఏడాదికి 6,000. డబ్బాలో వచ్చే భారీ ఆట కంటే ఎక్కువ. కానీ ఇంట్లో ఎవరికీ అది ఖర్చుగా తెలియదు, ఎందుకంటే వంద, రెండు వందల చొప్పున యూపీఐ ద్వారా పోయింది. తిరిగి అమ్ముకోవడానికి చేతిలో డిస్కు ఉండదు. ఏడాది ఆడినదానికి ముగింపూ ఉండదు. ఆట ముగిస్తే అమ్మకం ఆగిపోతుంది కనుక ఈ ఆటలకు ముగింపు ఉండకూడదు. ముగింపు లేనిచోట ఏరిత్ మరణం ఉండదు, తమ్ముడు ఈదే ఘట్టం ఉండదు. ఈ వ్యాపార పద్ధతి చేసిన అసలు నష్టం ఇదే. పోయిన డబ్బు దీని తర్వాత లెక్క.

అలాగని ఫోను ఆటల్లో జ్ఞాపకాలే లేవనడం అన్యాయం. 2020లో కరోనా మూసివేతల కాలంలో హాస్టళ్లు ఖాళీ అయి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయినప్పుడు, కుర్రకారు రోజూ కలుసుకున్న చోటు పబ్జీ. నలుగురు విమానంలోంచి ఎరాంగెల్ దీవి మీద దూకి, తుపాకుల సంగతి పక్కన పెట్టి పరీక్షల గురించీ ఇంట్లోవాళ్ల ఆరోగ్యం గురించీ మాట్లాడుకున్నారు. ఆఖరి వలయంలో ఇంకొక్క శత్రువు మిగిలినప్పుడు మైకులో ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం, తర్వాత కేక. ఇవి నిజమైన ఘట్టాలు. కానీ వాటిని ఇచ్చింది కొన్న స్కిన్లు కాదు, అటువైపున ఉన్న స్నేహితులు. ఆ స్కిన్ల గతి ఏమైందో కూడా చూడాలి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం ఆ ఆటతో సహా 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు 30 నాటికి సర్వర్లు కూడా ఆగిపోయాయి. కొన్న తుపాకులు, బట్టలు అందకుండా పోయాయి. 2021 జులై 2న క్రాఫ్టన్ సంస్థ బీజీఎంఐ పేరుతో దాన్ని తిరిగి తెచ్చి పాత ఖాతాలను మార్చుకునే వీలు కల్పించింది కాబట్టి సరిపోయింది. 2022 జులైలో అది కూడా యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు.

ఇక్కడే యాజమాన్యం ప్రశ్న వస్తుంది. డిజిటల్‌గా కొన్న ఆట నిజానికి కొన్నది కాదు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి. 2014లో విడుదలైన కార్ల పందేల ఆట ‘ది క్రూ’ సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా సర్వర్ మీదే ఆధారపడి ఉండడంతో, డబ్బు పెట్టినవాళ్లందరికీ ఆట మొత్తం పోయింది. దాంతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి 2025 జులై నాటికి యూరప్‌లో పది లక్షల సంతకాలు దాటాయి. మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు. మొదలు కావలసిన అవసరం మనకే ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి తరం అచ్చంగా డిజిటల్ ఆటలతోనే పెరుగుతోంది.

డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ రమ్మీ వంటివి ఈ వ్యాసం పరిధి కాదు. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా పందెం ఆటలను ఆపి, ఈ-స్పోర్ట్స్‌ను (వీడియో గేముల పోటీలను) వేరుగా గుర్తించింది. పందెం ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మంచి అడుగే. కాకపోతే పందెం లేకుండా అదృష్టం అమ్మే పెట్టెలు ఈ రెండింటి మధ్య సందులో ఉండిపోయాయి, వాటి జోలికి ఎవరూ పోవడం లేదు. సంభావ్యతలను రూపాయల్లో చూపించమని కనీసం ఒక నిబంధన పెట్టవచ్చు: కోరుకున్నది తప్పనిసరిగా రావాలంటే గరిష్ఠంగా ఇన్ని వేలు అని కొనే బొత్తం పక్కనే రాయాలి.

ఆశ పెట్టుకోదగ్గ చోటు చిన్న ఆటలు. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ 2016లో వచ్చింది. 2024 చివరికి నాలుగు కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. తర్వాత చేర్చిన పెద్ద పెద్ద భాగాలన్నీ ఉచితంగానే ఇచ్చాడు. హైదరాబాద్‌కే చెందిన ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది. పగ తీర్చుకోవడానికి లేచిన రాక్షసుడు అందులో కథానాయకుడు, బొమ్మలన్నీ చేత్తో గీసినవి. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ 2020లో ‘రాజీ’ తెచ్చింది. మన పురాణాలతో పెరిగినవాళ్లు ఆ ఆటల్లో అడుగుపెట్టగానే గుర్తుపట్టే సంగతులు పాశ్చాత్య ఆటల్లో ఎక్కడా దొరకవు. ఇవన్నీ ఒకసారి కొంటే సొంతంగా ఆడుకునేవి, పెద్ద డబ్బా ధరలో చిన్న భాగానికే దొరికేవి. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది, రాయదుర్గంలో ఇమేజ్ టవర్ తలపెట్టింది. భవనాలు అవసరమే. అంతకంటే ముందు, ఇలాంటి చిన్న బృందాలు రెండో ఆట చేసేదాకా బతికి ఉండే ఏర్పాటు కావాలి. తెలుగులో మాట్లాడే పాత్రలతో, గోల్కొండ చుట్టుపక్కలనో, మూసీ వరదల నేపథ్యంలోనో నడిచే నాలుగు గంటల ఆటకు పద్దెనిమిది వందల కోట్లు అక్కర్లేదు.

ఇంకొక పని నగరం ఇప్పుడే చేయవచ్చు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. ఇక్కడి నకిలీ క్యాసెట్లు, కేఫ్‌ల కంప్యూటర్లు చెత్తబుట్టలోకి ఎప్పుడో పోయాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా పేరుతో మొదలైనప్పటి నుంచి పాత పుస్తకాలను కాపాడుతూ వస్తోంది. అలాంటి చోట ఒక గది, నాలుగు వాడిన కన్సోళ్లు, ఓ వంద డిస్కులు పెడితే, ఒక్క కొత్త కన్సోల్ కొనలేని ఇంటి పిల్లలు కూడా ‘బ్రదర్స్’ లాంటి ఆటను పూర్తిగా ఆడగలుగుతారు. సీటీసీ పాత సరుకు ధరల్లో ఇది కొన్ని లక్షలకు మించని పని. చేయాలంటే డిస్కులు అచ్చవుతున్న కాలంలోనే చేయాలి. డిజిటల్ కాపీలను, అనుమతుల నిబంధనలు మారనంతవరకూ, ఏ గ్రంథాలయానికీ అరువు ఇవ్వడం సాధ్యం కాదు.